శుక్రవారం ఆగే సర్వర్

నవంబర్ 7, శుక్రవారం

మళ్లీ ఆగింది. వరసగా మూడో శుక్రవారం.

ఆఫీసు రిజిస్టరులో "నెట్‌వర్క్ సమస్య, పరిశీలనలో ఉంది" అని రాశాను. అది నలుగురూ చదివేది. అసలు సంగతి ఎక్కడో ఒకచోట రాసుకోకపోతే నాకే పిచ్చెక్కేలా ఉంది కాబట్టి ఈ డైరీ.

ఇంత పెద్ద రొయ్యల ఎగుమతి కంపెనీకి ఉన్నది ఒక్కటే సర్వర్ పెట్టె. దాంట్లో నేనే నాలుగు మెషీన్ల చేత కాపురం పెట్టించాను. లెక్కలకొకటి, రొయ్యల డబ్బాల మీద అంటించే లేబుళ్లకొకటి, మెయిల్‌కొకటి, ప్లాంటు కెమెరాల వీడియోకొకటి. ఎవరికి వారు తామే ఒక సొంత సర్వర్ అనుకుంటారు. నిజానికి అందరిదీ ఒకే మెమరీ, ఒకే డిస్కు. ఈ ఏర్పాటు చేసినప్పుడు మా ఎండీ మాల్యాద్రి గారు నా భుజం తట్టి, మూడు పెట్టెల ఖర్చు తప్పించావన్నారు. ఇప్పుడు ఆ మాట ఆయనకు గుర్తు లేదు.

దీపావళి తర్వాత విదేశంలో మా రొయ్యలు కొనేవాళ్లు కొత్త కోరిక కోరారు. వారం రోజుల ప్యాకింగ్ వీడియో మొత్తం శుక్రవారం సాయంత్రానికల్లా వాళ్లు చూడాలట. వారం లోడు గురువారం రాత్రికి గానీ ముగియదు. అందుకని శుక్రవారం మధ్యాహ్నం ప్లాంటు నుంచి ఆఫీసు సర్వర్‌కి ఆ కొండంత వీడియో కాపీ అయ్యేటట్టు పెట్టాను. సగం దాటగానే నాలుగు మెషీన్లూ ఒక్కసారిగా బిగుసుకుపోతున్నాయి. మౌస్ కదలదు. లేబుళ్లు రావు. ప్లాంటులో ప్యాకింగ్ ఆడవాళ్లు ఐసు డబ్బాల ముందు చేతులు కట్టుకుని నిలబడతారు. కాసేపటికి దానంతటదే లేచి కూర్చుంటుంది, ఏమీ ఎరగనట్టు.

సరిగ్గా నేను జుమా నమాజుకి వెళ్లినప్పుడే ఇదంతా జరుగుతుంది. నా ఖర్మ.

ఈ రోజు నమాజు అయ్యాక దువా కొంచెం ఎక్కువసేపు చేశాను. తిరిగి వచ్చేసరికి సర్వర్ లేచి ఉంది. హాలంతా సాంబ్రాణి వాసన.

నవంబర్ 9, ఆదివారం

సెలవు రోజు ఆఫీసుకి వెళ్లి, అదే వీడియో మొత్తం మళ్లీ కాపీ చేసి చూశాను. ఒక్కసారి కూడా ఆగలేదు. పనివాళ్లెవరూ లేరు, మిగతా మూడు మెషీన్లూ ఖాళీగా ఉన్నాయి. అంటే పని ఉన్న రోజే ఆగుతుంది. మనుషులకి కూడా అంతే అని మాల్యాద్రి గారు అంటారు, వాళ్ల బావమరిదిని ఉద్దేశించి.

నెట్‌వర్క్ కార్డు మీద అనుమానం. ఉప్పు గాలికి ఏదో పట్టి ఉంటుంది.

ఇంటికి వస్తే నాయన చాప మీద కూర్చుని సాంబ్రాణి గడ్డలు దంచుకుంటున్నాడు. శుక్రవారం గురించి నాతో ఏమీ అనలేదు. అనడానికి ఏముంది?

నాయన పేరు ఖాజా మొహిద్దీన్. ఒకప్పుడు దూదేకి పరుపులు కుట్టేవాడు. ఊళ్లో అందరూ స్పంజి పరుపుల మీద పడుకోవడం మొదలుపెట్టాక ఏకే బద్ద అటక మీదికి పోయింది. ఇప్పుడు గురు, శుక్రవారాల్లో అంగళ్లకి సాంబ్రాణి ధూపం వేస్తాడు. పచ్చ తలపాగా, భుజాన జోలె, ఒక చేతిలో నిప్పుల గిన్నె, ఇంకో చేతిలో నెమలి ఈకల కట్ట. ఈ మధ్య మా ఆఫీసుండే ముత్తుకూరు రోడ్డు కూడా ఆయన శుక్రవారం తిరిగే దారిలో చేరింది. అంతకు ముందు ఆ రోడ్డుకి వచ్చే సాయిబు కావలి వెళ్లిపోయాడట. ఎక్కడ తిరగాలో ఆయనిష్టం. నాకేం అభ్యంతరం లేదు.

మొదటిసారి వచ్చినప్పుడు నేను సీట్లోనే ఉన్నాను. ఆ సమయంలో స్క్రీన్ మీద చాలా ముఖ్యమైన పని ఉంది. తలెత్తలేదు. ఆయన అందరి తలల మీదా ఆడించినట్టే నా తల మీద కూడా ఈకలు ఆడించి పక్క సీటుకి వెళ్లిపోయాడు. అదేం పనో ఇప్పుడు గుర్తు రావడం లేదు.

ఉద్యోగంలో చేరేటప్పుడు మీ నాన్నగారేం చేస్తారని అడిగారు. సుగంధ ద్రవ్యాల వ్యాపారం అన్నాను. సాంబ్రాణి సుగంధ ద్రవ్యం కాదని ఎవరినైనా నిరూపించమనండి.

నవంబర్ 11, మంగళవారం

నెట్‌వర్క్ కార్డు మార్చాను. కేబులు మార్చాను. నాలుగు మెషీన్ల డ్రైవర్లూ కొత్తవి వేశాను. యాంటీవైరస్ ఆపాను. ఇక ఆగే ప్రసక్తి లేదు.

నవంబర్ 14, శుక్రవారం

ఆగింది.

నేను మసీదులో ఉన్నాను. ఆఫీసు వెనక వీధిలోదే. నాయన కూడా అక్కడికే వస్తాడు, ఆఖరి వరసలో కూర్చుంటాడు, నిప్పుల గిన్నె బయట చెప్పుల పక్కన ఉంచుతాడు. నమాజు కాగానే ఆయన లేచి వెళ్లాడు. నేను ఇంకాసేపు ఉండిపోయాను. వారానికి ఒక్కరోజైనా మనసు దేవుడి మీద పెట్టకపోతే ఎలా? తర్వాత మెట్ల మీద కూర్చుని చెప్పుల పట్టీ సరిచేసుకున్నాను. ఆ పట్టీ ఈ మధ్య బాగా ఇబ్బంది పెడుతోంది.

ఆఫీసుకి వచ్చేసరికి పండగ వాతావరణం. క్వాలిటీ మేనేజర్ భానుప్రియ గారు నాకు ఎదురొచ్చారు. ఆవిడ రోజూ సంగం నుంచి వస్తారు, ఎమ్మెస్సీలో బంగారు పతకం. ప్లాంటులో ఎవరి తల వెంట్రుక టోపీ దాటి బయటికొచ్చినా ఊరుకోరు.

"అజ్మల్ గారూ, మీరు ఒకటి గమనించినారా? నాలుగు వారాల నుంచి చూస్తా ఉండా. సర్వర్ ఆగిపోతుంది. సాయిబు వచ్చి ధూపం వేస్తాడు. సర్వర్ లేస్తుంది. ఒక్క వారం గూడా తప్పలే."

"అది కాకతాళీయం మేడమ్. ఆ కాపీ దానంతట..."

"నేనూ మొదట అట్నే అనుకున్యా. సైన్సు చదువుకున్న దాన్ని గదా. కానీ నాలుగు సార్లంటే దాన్ని డేటా అంటారు."

మాల్యాద్రి గారు గదిలోంచి కేకేశారు. "వచ్చే వారం సాయిబుని నేరుగా సర్వర్ రూములోకే తీసుకుపొండబ్బా. హాల్లో వేస్తేనే లేస్తా ఉంది, రూములో వేస్తే అసలు పడుకోదేమో!"

సర్వర్ రూములోకి నీళ్ల సీసా తెచ్చినా ఒప్పుకోను నేను. ఇప్పుడు నిప్పుల గిన్నె రాబోతోంది. నాకు కోపం వచ్చింది. పొగ వల్ల పరికరాలకు నష్టం కాబట్టి వచ్చిన కోపమే, ఇంకేం లేదు.

నవంబర్ 15, శనివారం

సర్వర్ ఎందుకు ఆగింది, మీరు ఏం దిద్దుబాటు చేశారు అని కొనేవాళ్లు అడిగారు. భానుప్రియ గారు "పరిసరాల గాలిని సంప్రదాయ మూలికా ధూమంతో శుద్ధి చేయడమైనది" అని జవాబు పంపారు. వాళ్లు సంతృప్తి చెందినట్టు మెయిల్ వచ్చింది. నెట్‌వర్క్ కార్డు గురించి నేను రాసిన రెండు పేజీల నివేదికకు ఇంతవరకు జవాబు లేదు.

నవంబర్ 17, సోమవారం

సర్వర్ తన ప్రతి కదలికనీ లాగ్‌లో రాసుకుంటుంది. ఈ రోజంతా ఆ లాగులు చదివాను. ఆగడానికి ముందు వరకు అంతా రాసి ఉంది. లేచాక మళ్లీ రాసి ఉంది. మధ్యలో ఖాళీ. బిగుసుకుపోయినప్పుడు తను బిగుసుకుపోయానని కూడా రాసుకోలేకపోతోంది, పాపం.

కిందటి శుక్రవారం మసీదు మెట్ల మీంచి ఫోనులో సర్వర్ స్క్రీన్ తెరిచి చూశాను. అది ఆగగానే ఫోనులో బొమ్మ కూడా ఆగింది. దూరం నుంచి కుదరదు. ఆగే సమయానికి ఎవరో ఒకరు సరిగ్గా ఆ పెట్టె ముందు కూర్చుని, దానికి నేరుగా తగిలించిన తెర మీద చూస్తే గానీ తెలియదు.

మనిషి దొరకడం కష్టం. నాకు జుమా ఉంది కదా.

నవంబర్ 18, మంగళవారం

మాల్యాద్రి గారు గదిలోకి పిలిచారు. తలుపు వేసుకోమన్నారు. తలుపు వేసుకోమంటే మంచి మాట కాదని ఆఫీసులో అందరికీ తెలుసు.

"ఇరవై ఎనిమిదో తేదీ శుక్రవారం మధ్యాహ్నం కొనేవాళ్లు లైవులో కూర్చుంటారు. మనం వీడియో తెస్తా ఉండంగా, లేబుళ్లు కొడతా ఉండంగా చూస్తారంట. వాళ్ల ముందర ఆగిందనుకో, వచ్చే సంవత్సరం ఆర్డరు పోయినట్టే. నీ మీద నాకు కోపం లేదబ్బా. కానీ చెన్నైలో ఒక కంపెనీ వాళ్లు మొత్తం మేమే చూసుకుంటామంటా ఉండారు. ఈసారి ఆగితే వాళ్లకి ఇచ్చేస్తా."

"మరి నేను సార్?"

"అదే చెప్తా ఉండా."

మూడేళ్ల క్రితం వరకు తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో షిఫ్టులు చేశాను. వారానికోసారి ఇంటికి వచ్చి, నిద్రపోయి, మళ్లీ బస్సెక్కేవాణ్ని. ఈ ఉద్యోగం పోతే మళ్లీ అదే బస్సు. భయం వేసింది.

నవంబర్ 20, గురువారం

ఉదయం టిఫిన్ తింటుంటే అమ్మ నా పక్కన కూర్చుంది. అమ్మ పేరు జమాల్‌బీ. మాటలు దాచుకోవడం ఆమెకు రాదు.

"మీ నాయన తెల్ల చొక్కా ఉతికి ఇస్త్రీ చేయించమన్యాడురా. రేపు మీ ఆఫీసులో మిషన్ల రూములోకి పోతాడంట గదా. ఆయనకి ఎంత సంబరమో."

"ఊఁ."

"నువ్వు ఆడనే ఉంటావు గదా. ఇన్ని టీ నీళ్లన్నా ఇయ్యి. నిప్పులు పట్టుకుని తిరిగి తిరిగి గొంతు ఎండిపోతుంది మనిషికి."

"నేను ఆ టైముకి జుమాకి పోతానమ్మా."

"మీ నాయనా పోతాడు జుమాకి. ఆయన వచ్చేస్తాడే?"

ఇడ్లీ చల్లారిపోయిందని లేచాను. ఆఫీసుకి ఆలస్యమైంది కూడా.

నవంబర్ 21, శుక్రవారం

ఆగింది, లేచింది. నేను వచ్చేసరికి సర్వర్ రూములో పొగ కమ్ముకుని ఉంది. భానుప్రియ గారు దగ్గరుండి పొగ అలారం తీగ పీకించారట. బంగారు పతకం.

దగ్గుకుంటూ నవ్వుతున్నారు ఆవిడ.

"అయ్యో అజ్మల్ గారూ, ఈ రోజు మీరు ఉండాల్సింది. సార్ సాయిబుని కూర్చోబెట్టి మాట్లాడినారు. పిల్లలెంతమంది అని అడిగితే ఒక్కడే కొడుకంట. వాడేం చేస్తాడంటే ఏమన్యాడో తెలుసా? కంప్యూటర్లు బాగుచేస్తాడంట!"

నేను కుర్చీ కోసం వెతికాను.

"యాడ చేస్తాడు అంటే, 'యాడనో సార్, నాకు సరిగ్గా తెలీదు' అన్యాడు. పాపం, ఆ కొడుకు ఎట్టాంటోడో, ఏ ఆఫీసో గూడా చెప్పడంట నాయనకి. సార్ వెంటనే, 'నీ చేతిలో ఈ మహిమ ఉంటే నీ కొడుకు చేతిలో ఎంతుంటుందో! వచ్చే శుక్రవారం పిలుచుకొని రా, మావాడి వల్ల కావడంలే' అన్యారు. మీరేమీ అనుకోబాకండి."

ఏమీ అనుకోలేదని చెప్పాను.

నాయనకు తెలీదట. రోజూ పొద్దున నా టిఫిన్ డబ్బా మూత బిగించి ఇచ్చేది ఆయనే. ఏ బస్సు, ఏ స్టాపు, ఏ ఆఫీసు, ఏ సీటు అన్నీ తెలుసు. తెలీదన్నాడు. నేను చెప్పమని అడగలేదు. చెప్పొద్దనీ అడగలేదు. ఒక్క మాట కూడా అడక్కుండానే నా అబద్ధం తన మీద వేసుకున్నాడు.

సిగ్గేసింది. ఇంతకంటే ఏం రాయను?

నవంబర్ 22, శనివారం

రాత్రి అన్నాలప్పుడు నాయనే ఆ మాట ఎత్తాడు. పళ్లెంలోకి చూస్తూ.

"మీ సారు నా కొడుకుని పిలుచుకొని రమ్మన్యాడు."

"తెలిసింది."

"ఏం చెప్పమంటావు?"

అమ్మ నా మొహం చూసింది, నాయన మొహం చూసింది. చారు గిన్నె కింద పెట్టేసింది.

"ఊళ్లో లేడని చెప్తాలే," అన్నాడు నాయన. "వాడికి వేరే చోట మంచి పని ఉండాది, రాడు అంటే సరిపోయె. నువ్వు దాని గురించి ఆలోచించబాక. నీ మిషన్ సంగతి చూసుకో."

సరే అన్నాను. సరే అనడం ఎంత తేలికో.

నవంబర్ 23, ఆదివారం

నా ఉద్యోగానికి పోటీగా వస్తున్నవాడు నేనే. ఇద్దరినీ పోల్చి చూసుకున్నాను. చదువు, అనుభవం ఒకటే. కాకపోతే వాడికి తండ్రి ఉన్నాడు, సిఫారసు బాగా ఉంది. వాడికే వస్తుంది.

నవంబర్ 25, మంగళవారం

మాల్యాద్రి గారు కొత్త ఆర్డరు వేశారు. శుక్రవారం సాయిబు కొడుకు వస్తే సర్వర్ పాస్‌వర్డులూ, ఇప్పటిదాకా నేను చేసిన ప్రయత్నాలూ అన్నీ ఒక కాగితం మీద రాసి అతనికి ఇవ్వాలట.

"పోటీకి వచ్చినాడని అసూయ పడబాక అజ్మల్. తెలిసినోడి దగ్గర నేర్చుకోవడంలో తప్పు లేదు."

"పడను సార్."

"మంచోడివి. నీ స్వభావం మంచిదే, పనే కుదరలే."

నవంబర్ 26, బుధవారం

వాన. ఏమీ తోచలేదు.

నవంబర్ 27, గురువారం

కొత్త కుర్రాడికి ఇవ్వాల్సిన కాగితం రాయడానికి కూర్చున్నాను. మార్చిన కార్డు, మార్చిన కేబులు, వేసిన డ్రైవర్లు అన్నీ రాశాను. చివర "సర్వర్ ఆగిన సమయంలో దాని ముందు కూర్చుని గమనించిన వివరాలు" అని శీర్షిక పెట్టి ఆగిపోయాను. ఆ వరస ఖాళీ. అయిదు శుక్రవారాలు ఆగితే ఒక్కసారి కూడా నేను దాని ముందు లేను.

జుమాకి వెళ్లకుండా ఉండనక్కర్లేదు. కాపీ మొదలైన చాలాసేపటికి గానీ అది బిగుసుకోదు. నమాజు కాగానే లేచి, నాలుగు అంగలేసి వస్తే ఆ సమయానికి హాయిగా పెట్టె ముందు కూర్చోవచ్చు. ఈ సంగతి నాకు మొదటి నుంచీ తెలుసు. రాయడం మాత్రం ఇదే మొదటిసారి.

చెప్పుల పట్టీకి ఏమీ కాలేదు. కొత్త చెప్పులే అవి.

నవంబర్ 28, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

నమాజు కాగానే లేచాను. ఆఖరి వరసలో నాయన ఇంకా కూర్చునే ఉన్నాడు. నేను ముందుగా లేవడం చూసి ఆశ్చర్యపోయాడు. ఏమైనా అంటానేమో అని చూశాడు. నేను గబగబా వచ్చేశాను. ఆయన కావాలనే ఆలస్యం చేశాడని ఇప్పుడు అనిపిస్తోంది, తను వచ్చేలోగా నేను ఆఫీసులోంచి బయటికెళ్లిపోవడానికి సమయం ఇవ్వాలని.

సర్వర్ రూములో పెట్టె ముందు కూర్చున్నాను. తలుపు తీసే ఉంది. హాల్లో పెద్ద టీవీలో కొనేవాళ్ల మొహాలు, దాని ముందు మాల్యాద్రి గారు టై కట్టుకుని, భానుప్రియ గారు ఇంగ్లీషు మాట్లాడుతూ. కాపీ సగం దాటింది. నా ముందున్న నల్ల తెర మీద అంకెలు కదులుతున్నాయి.

అప్పుడు చూశాను. ఎంత చిన్న సంగతి! ప్లాంటు నుంచి వీడియో వరదలా వస్తోంది. డిస్కు అంత వేగంగా రాసుకోలేదు. అయినా సర్వర్ ఆ మాట ఒప్పుకోకుండా వచ్చిందంతా మెమరీలో కుక్కుకుంటూ, "అందింది, అందింది" అని ప్లాంటుకి కబురు పంపుతోంది. మెమరీ పూర్తిగా నిండాక ఇక దారిలేక, అన్ని పనులూ ఆపేసి, కుక్కుకున్నదంతా డిస్కులోకి దింపుకోవడం మొదలుపెడుతోంది. ఆ దింపుకునే సమయమంతా నాలుగు మెషీన్లూ కట్టెల్లా బిగుసుకుపోతున్నాయి. ఆదివారం ఖాళీగా ఉన్నప్పుడు మెమరీలో చోటు ఉంది కాబట్టి ఆగలేదు. కార్డు తప్పు లేదు, కేబులు తప్పు లేదు, ఉప్పు గాలి తప్పు లేదు. అయిదు వారాల క్రితం ఒక్కసారి ఇక్కడ కూర్చుని ఉంటే అప్పుడే తెలిసేది.

హాల్లో "అయ్యో ఆగింది!" అని భానుప్రియ గారి గొంతు వినిపించింది.

నేను ప్లాంటు నుంచి వచ్చే వేగం తగ్గించాను. మెమరీలో కొంచెం నిండగానే దింపుకోవాలని హద్దు పెట్టాను. తెర ఒక్కో అక్షరానికీ నీలుగుతోంది. అదే సమయానికి మెట్ల మీంచి సాంబ్రాణి వాసన వచ్చింది.

"సాయిబూ, బిరీన రాబ్బా, బిరీన!" మాల్యాద్రి గారు టై ఊపుకుంటూ పరిగెత్తారు.

నాయన గుమ్మంలోకి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా. నన్ను అక్కడ చూసి ఆగిపోయాడు. వెనక్కి వెళ్లబోయాడు కూడా. మాల్యాద్రి గారు ఆయన జబ్బ పట్టుకుని లోపలికి తోశారు. నాయన నా వైపు చూడకుండా పెట్టె వైపు చూస్తూ ఈకలతో పొగ విసిరాడు. అంకెలు దిగడం మొదలయ్యాయి. మౌస్ కదిలింది. ప్లాంటులో లేబుళ్లు టకటకా వచ్చాయి. టీవీలో విదేశీయులు చప్పట్లు కొట్టారు.

"చూసినారా! చూసినారా!" మాల్యాద్రి గారి కళ్లల్లో నీళ్లు.

"సార్, సమస్య మెమరీలో ఉంది," అని లేచాను. "డిస్కు రాసుకునే లోపల..."

"ఉండండి అజ్మల్ గారూ," అన్నారు భానుప్రియ గారు. "సాయిబు కొడుకు ఏమంటాడో విందాం. యాడ సాయిబూ, పిలుచుకొని రాలేదా?"

నాయన గొంతు సవరించుకున్నాడు. "లేదమ్మా. వాడికి వేరే చోట మంచి పని ఉండాది. వాడు రాడు..."

"వచ్చినాడు," అన్నాను.

అందరూ గుమ్మం వైపు చూశారు.

"నేనే సార్. ఆయన మా నాయన."

మాల్యాద్రి గారు నన్ను చూశారు, నాయనను చూశారు, మళ్లీ నన్ను చూశారు. "మరి ఇన్ని వారాలూ?" అన్నారు.

నాకంటే ముందు నాయనే అందుకున్నాడు.

"పనిలో ఉండాడు గదా సార్," అన్నాడు. "పనిలో ఉండేవాణ్ని పలకరించేది మంచిది గాదని నేనే మాట్లాడించలే."

ఇది రాస్తుంటే కళ్లు మసకబారుతున్నాయి.

తర్వాత అంతా మర్యాదలే. "రండి ఖాజా గారూ, కూర్చోండి," అని మాల్యాద్రి గారు తన గదిలో కుర్చీ వేయించారు. సాయిబు పోయి ఖాజా గారు వచ్చారు. కాఫీ తెప్పించారు. ఒక చేతిలో కప్పు, ఒక చేతిలో నిప్పుల గిన్నె. నున్నటి తెల్ల రాళ్ల నేల మీద గిన్నె ఎక్కడ పెట్టాలో నాయనకు తెలియలేదు. కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. మాల్యాద్రి గారు అలవాటుగా జేబులో చెయ్యి పెట్టి నోటు సగం తీసి, నన్ను చూసి మళ్లీ లోపల పెట్టేశారు. హాల్లో మిగిలిన సీట్లకి ధూపం వేయమని ఎవరూ అడగలేదు. అడగడం బాగుండదనుకున్నారు. అందరూ ఆయనకి నమస్కారం పెట్టారు.

నా ఉద్యోగం నిలబడింది.

నవంబర్ 29, శనివారం

నాయన సంతోషిస్తాడనుకున్నాను. పొద్దున్నే చాప మీద కూర్చుని ఈకలు సవరించుకుంటున్నాడు.

"ఇంక మీ రోడ్డుకి రానురా," అన్నాడు.

"ఎందుకు?"

"కొడుకు పనిచేసే కాడ ధూపం వేసి చెయ్యి చాపితే ఏం బాగుంటుంది? వాళ్లకీ ఇబ్బందే. నిన్న మీ సారు మొహం చూడలా? ఇయ్యాల్నా వద్దా అని ఆ మనిషి ఎంత అవస్థ పడినాడో."

"ఊరికే రా నాయనా. డబ్బులు తీసుకోబాక."

"ఊరికే ఎట్టా వస్తారు? ధూపం వేసేవాడు వేస్తాడు, ఇచ్చేవాడు ఇస్తాడు. ఊరికే వచ్చి కుర్చీలో కూర్చుని కాఫీ తాగేదానికి నేను చుట్టాన్నా?" అని నవ్వాడు. "పోనీలే. నాకు చానా వీధులు ఉండాయి."

అమ్మ లోపల్నుంచి, "చొక్కా ఇస్త్రీ దండగయింది," అంది.

నాయన మా ఆఫీసుకి రాకుండా ఉంటే బాగుండునని నేను అయిదు వారాలు కోరుకున్నాను. ఇక్కడ రాయలేదు గానీ కోరుకున్నాను. ఇన్ని అబద్ధాలాడినా తీరని కోరిక, ఒక్క నిజం చెప్పగానే తీరింది.

డిసెంబర్ 2, మంగళవారం

కొనేవాళ్లు ఆర్డరు ఖాయం చేశారు. దిద్దుబాటు వివరాల్లో భానుప్రియ గారు ఈసారి మెమరీ హద్దు గురించి నేను రాసిందే పంపారు. వాళ్లు తిరిగి అడిగారట, మూలికా ధూమం ఎందుకు మానేశారని.

డిసెంబర్ 5, శుక్రవారం

జుమాలో ఆఖరి వరస చూశాను. నాయన లేడు. ఇటువైపు అంగళ్లు మానేశాడు కాబట్టి అటువైపు మసీదుకి వెళ్లి ఉంటాడు. నమాజు కాగానే వచ్చేశాను. దువాలో నాకు పెద్దగా అడగాల్సినవి లేవు.

కాపీ మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా వచ్చింది. నాలుగు మెషీన్లూ చక్కగా నడిచాయి. ప్లాంటులో ఎవరూ చేతులు కట్టుకుని నిలబడలేదు. మాల్యాద్రి గారు స్వీట్లు తెప్పించారు. భానుప్రియ గారు అందరి ముందూ నన్ను మెచ్చుకున్నారు. మూడేళ్లలో ఎవరూ నన్ను ఇంతగా మెచ్చుకున్నది లేదు. హాల్లో ఏసీ వాసన, స్వీట్ల వాసన, అంతే.

సర్వర్ రూములోకి వెళ్లి తలుపేసుకున్నాను. ఏడుపొచ్చింది. ఎవరూ చూడకుండా కాస్త ఏడ్చి, ఫోన్ తీశాను.

"నాయనా, సర్వర్ ఆగిపోయింది."

"మళ్లీనా? పోయిన వారమే బాగుచేసినావు గదా?"

"ఆగిపోయింది."

ఫోనులో ఆయన వెనక ఎవరో గట్టిగా ఉల్లిపాయల బేరమాడుతున్నారు. నాయన నమ్మలేదని నాకు తెలిసింది. నమ్మలేదని నాకు తెలిసినట్టు ఆయనకీ తెలిసే ఉంటుంది.

"నీకు రాదా బాగుచేసేది?"

నా ముందు తెర మీద అంకెలన్నీ ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నాయి. డిస్కు ప్రశాంతంగా రాసుకుంటోంది.

"రాదు నాయనా," అన్నాను. "నువ్వు రా."

ఇంకాసేపు ఉల్లిపాయల బేరం వినిపించింది.

"నిప్పులు ఇంకా ఉండాయిలే," అన్నాడు. "వస్తా ఉండా."